ఊపిరితిత్తులు దాటి వృషణాల దాకా సార్కాయిడోసిస్
క్షయగా, క్యాన్సర్‌గా పొరబడే ప్రమాదం * ముక్క పరీక్షతోనే నిర్ధారణ * కన్ను, గుండె విషయంలో జాప్యం తగదు

దగ్గు వదలకపోతే క్షయ అనుకుంటాం. వృషణం వాస్తే వరిబీజమనో, బోదకాలు తాలూకు వాపు అనో సరిపెట్టుకుంటాం. గడ్డ గట్టిగా తగిలితే క్యాన్సరేమోనని హడలిపోతాం. ఈ వ్యాధులను పోలి ఉంటూ వీటిలో ఏదీ కాని జబ్బు ఒకటుంది. దాని పేరు సార్కాయిడోసిస్. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సర్ కాదు. ప్రధానంగా ఊపిరితిత్తులకు, ఛాతీలోని లింఫు గ్రంథులకు వచ్చే ఈ వ్యాధి కొందరిలో కళ్లు, చర్మం, గుండె, నరాలు, కాలేయం, మూత్రపిండాలతో పాటు అరుదుగా వృషణాలనూ తాకుతుంది.

అరుదైన జబ్బు గురించి ఇంతగా చెప్పుకోవడం ఎందుకన్న సందేహం కలగవచ్చు. పేరు తప్పుగా పడితే జరిగే నష్టం పెద్దది కావడమే కారణం. క్యాన్సర్ అనుకుంటే మందులతో తగ్గే వాపు కోసం పడుచు వయసులో వృషణాన్ని పోగొట్టుకోవలసి రావచ్చు. క్షయ అనుకుంటే పనిచేయని మందులను నెలల తరబడి మింగవలసి వస్తుంది. ఇందుకు భిన్నంగా, నిజంగా క్షయ ఉన్న మనిషికి సార్కాయిడోసిస్ అని స్టెరాయిడ్లు మాత్రమే ఇస్తే క్షయ ఒళ్లంతా పాకే ముప్పు ఉంది. అందుకే మందు మొదలుపెట్టడానికి ముందు వ్యాధి ఏదన్నది తేల్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

ఏమిటీ వ్యాధి?

శరీరంలోకి ఏదైనా హానికర పదార్థం ప్రవేశించి, దానిని పూర్తిగా నాశనం చేయడం సాధ్యం కానప్పుడు రక్షణ కణాలు దాని చుట్టూ గుమిగూడి కోట కడతాయి. సూక్ష్మదర్శినిలో చిన్న ముద్దలుగా కనిపించే ఈ కణ సమూహాలనే గ్రాన్యులోమాలు అంటారు. క్షయలోనూ, కుష్ఠులోనూ ఇవి ఏర్పడతాయి. అక్కడ శత్రువు ఎవరో తెలుసు, అది బాక్టీరియా. సార్కాయిడోసిస్‌లో కోట కనిపిస్తుంది గాని లోపల శత్రువు కనిపించదు. వంశపారంపర్యంగా వచ్చిన కొన్ని జన్యు లక్షణాలు ఉన్నవారిలో బయటి నుంచి సోకిన ఏదో ఒక పదార్థం రక్షణ వ్యవస్థను రెచ్చగొట్టడం వల్ల ఇది మొదలవుతుందని వైద్యశాస్త్రం భావిస్తోంది.

అమెరికాలో 1990వ దశకం చివర్లో 736 మంది రోగులపై జరిగిన విస్తృత అధ్యయనంలో బూజు పట్టిన వాతావరణంలో పనిచేయడానికి, పురుగు మందుల వాడకానికి ఈ వ్యాధితో కొంత సంబంధం కనిపించింది. రోగుల తోబుట్టువులకు వ్యాధి వచ్చే అవకాశం ఇతరుల కన్నా దాదాపు అయిదు రెట్లు ఎక్కువని కూడా తేలింది. 2001లో న్యూయార్క్ జంట సౌధాల కూల్చివేత అనంతరం అక్కడి ధూళి పీల్చిన అగ్నిమాపక సిబ్బందిలో ఈ తరహా వ్యాధి పెరగడం మరో ఉదాహరణ.

ఈ జబ్బు సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ల మధ్య బయటపడుతుంది. స్వీడన్ వంటి ఉత్తర ఐరోపా దేశాలలోనూ, అమెరికాలోని నల్లజాతీయులలోనూ ఎక్కువ. స్వీడన్‌లో లక్ష జనాభాకు సుమారు 160 మంది ఈ వ్యాధితో ఉన్నట్లు 2016లో వెలువడిన లెక్క చెబుతోంది. రోగుల్లో 90 శాతానికి పైగా ఊపిరితిత్తుల్లోనో, ఛాతీ గ్రంథుల్లోనో వ్యాధి ఉంటుంది. వారిలో చాలామందికి ఇతర అవయవాలూ ఏదో ఒక మేరకు దెబ్బతింటాయి.

పేరు వెనుక కథ

లండన్ వైద్యుడు జోనాథన్ హచిన్సన్ 1869లో ఒక బొగ్గు కార్మికుని చేతులపై, కాళ్లపై ఊదారంగు మచ్చలను గమనించారు. ఈ వ్యాధికి తొలి వర్ణనల్లో ఒకటిగా దానిని చెబుతారు. పారిస్‌లో ఎర్నెస్ట్ బెస్నియే 1889లో ముక్కు ఊదారంగులో ఉబ్బిన రోగిని వర్ణించారు. నార్వే చర్మవైద్యుడు సీజర్ బోక్ 1899లో చర్మపు ముక్కను పరీక్షించి, అందులోని కణాలు సార్కోమా అనే క్యాన్సర్‌ను పోలి ఉన్నా హానికరం కావని గ్రహించి ‘సార్కాయిడ్’ అనే మాట వాడారు. సార్కోమాను పోలినది అని దాని అర్థం. అంటే క్యాన్సర్‌తో పోలిక, క్యాన్సర్ కాదన్న తీర్పు రెండూ ఆ పేరులోనే ఇమిడి ఉన్నాయి. చర్మానికి, కంటికి, గ్రంథులకు వేర్వేరుగా వస్తున్నాయనుకున్న ఈ జబ్బులన్నీ ఒకటేనని స్వీడన్ వైద్యుడు యోర్గెన్ షామన్ 1910వ దశకంలో ప్రతిపాదించారు.

క్షయతో చిక్కుముడి

ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. కనుక ఛాతీ ఎక్స్‌రేలో గ్రంథులు ఉబ్బి కనిపించినా, ముక్క పరీక్షలో గ్రాన్యులోమాలు అని రాసి వచ్చినా మన వైద్యుల దృష్టి ముందు క్షయ మీదికి పోవడం సహజం, సమంజసం కూడా. దగ్గు, సన్నని జ్వరం, బరువు తగ్గడం, నీరసం రెండింటిలోనూ ఉంటాయి.

తేడాలు లేకపోలేదు. సార్కాయిడోసిస్‌లో ఛాతీకి రెండు వైపులా గ్రంథులు దాదాపు సమానంగా ఉబ్బుతాయి. క్షయలో ఎక్కువగా ఒక పక్కకే పరిమితమవుతాయి. క్షయ గ్రాన్యులోమా మధ్యభాగం చచ్చి జున్నులా మారుతుంది. సార్కాయిడోసిస్‌లో సాధారణంగా అలా జరగదు. చేతిపై సూది వేసి చూసే మాంటూ పరీక్షకు క్షయ సోకినవారిలో దద్దు వస్తుంది. సార్కాయిడోసిస్ రోగుల్లో చాలామందికి దద్దు రాదు. రక్తంలో ఏసీఈ అనే ఎంజైము సార్కాయిడోసిస్‌లో పెరగవచ్చు.

అయితే వీటిలో ఏ ఒక్కటీ తిరుగులేని సాక్ష్యం కాదు. జున్ను లేని క్షయ ఉంది. ఏసీఈ పెరగని సార్కాయిడోసిస్ ఉంది. అదే ఎంజైము మధుమేహంలోనూ, కుష్ఠులోనూ పెరగవచ్చు. అందుకే తీసిన ముక్కను సూక్ష్మదర్శినితో చూడడంతో సరిపెట్టక, క్షయ క్రిముల కోసం సీబీనాట్ పరీక్షకు, కల్చర్‌కు కూడా పంపాలి. కల్చర్ ఫలితం రావడానికి వారాలు పడుతుంది. కళ్లెకు, ముక్కకు చేసే క్షయ పరీక్షలు, క్షయ మందులు ప్రభుత్వ వైద్యశాలల్లో ఉచితం.

క్షయ మందులు వాడుతున్నా రెండు మూడు నెలల్లో మార్పు లేకపోతే మందులకు లొంగని మొండి క్షయ అని అనుకునే ముందు, అసలిది క్షయేనా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఆ సందర్భంలో పాత ఎక్స్‌రేలు, ముక్క పరీక్ష నివేదికలు ఎంతో అక్కరకు వస్తాయి. వాటిని పారేయకుండా భద్రపరచుకోవడం రోగి చేయగల అతి పెద్ద సాయం.

వృషణాల్లో గడ్డ తగిలితే...

మగవారి జననావయవాల్లో సార్కాయిడోసిస్ బయటపడేది బహు తక్కువ. రోగుల్లో సుమారు 0.2 శాతం మందిలోనే ఇది లక్షణాలతో కనిపిస్తుందని, మరణానంతర పరీక్షల్లో మాత్రం 5 శాతం దాకా కనిపించిందని వైద్య గ్రంథాలు పేర్కొంటున్నాయి. అంటే తెలియకుండా ఉండిపోయేవే ఎక్కువ. ఇందులోనూ ముందుగా దెబ్బతినేది వృషణం వెనుక చుట్టగా ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని నాళం. వీర్యకణాలు పరిపక్వమై బయటికి సాగే దారి అదే. ఆ తర్వాతి స్థానం వృషణానిది.

చాలామందిలో నొప్పి లేని గడ్డ ఒక పక్క తగులుతుంది. కొందరిలో రెండు పక్కలా చిన్న చిన్న గడ్డలుంటాయి. ఎపిడిడిమిస్ వాచినప్పుడు నొప్పి, బరువు ఉండవచ్చు. బిడియంతో ఎవరికీ చెప్పకుండా నెలలు గడిపేవారు, వరిబీజమని నాటు వైద్యం చేయించుకునేవారు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. ఈ ఆలస్యమే అసలు ప్రమాదం. ఎందుకంటే వృషణంలో గట్టి గడ్డ తగిలితే అది క్యాన్సర్ కాదని తేలేవరకు క్యాన్సర్ కావచ్చుననే వైద్యులు చూడాలి. వృషణ క్యాన్సర్ కూడా 20 నుంచి 40 ఏళ్ల వారికే ఎక్కువగా వస్తుంది. తొలిదశలో పట్టుకుంటే పూర్తిగా నయమయ్యే క్యాన్సర్లలో అది ఒకటి.

ముందుగా స్కానింగ్ చేస్తారు. వరిబీజమైతే నీరు కనిపిస్తుంది. గడ్డ ఉంటే అది వృషణం లోపల ఉందా, ఎపిడిడిమిస్‌లో ఉందా తెలుస్తుంది. పలు చిన్న గడ్డలు రెండు వృషణాల్లోనూ ఉంటే సార్కాయిడోసిస్ అనుమానం బలపడుతుంది. ఒకే ఒక గడ్డ ఉంటే క్యాన్సర్ అనుమానం ఎక్కువ. ఆ పైన ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే మూడు రక్త పరీక్షలు చేయించాలి. క్యాన్సర్ ఉన్నవారిలో ఇవి పెరగవచ్చు, సార్కాయిడోసిస్ మూలంగా సాధారణంగా మొదటి రెండూ పెరగవు. అయితే మామూలుగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని తీర్మానించడానికి వీల్లేదు.

ఛాతీ చిత్రం ఇక్కడ కీలకమవుతుంది. వృషణ క్యాన్సర్ సాధారణంగా ముందు కడుపు వెనుక భాగంలోని గ్రంథులకు పాకి, తర్వాతే ఛాతీకి చేరుతుంది. కడుపులో గ్రంథులు మామూలుగా ఉండి ఛాతీలో రెండు వైపులా సమానంగా ఉబ్బి ఉంటే సార్కాయిడోసిస్‌ను తలచుకోవాలి. అప్పుడు ఛాతీ గ్రంథి నుంచో, చర్మంపై మచ్చ నుంచో ముక్క తీసి పరీక్షించడం సులువు.

వృషణం నుంచే ముక్క తీయవలసి వస్తే వృషణాల తిత్తిలోకి నేరుగా సూది గుచ్చడం తగదు. ఒకవేళ అది క్యాన్సర్ అయితే కణాలు కొత్త దారిలో పాకే అవకాశం ఉంటుంది. గజ్జల వద్ద కోసి, వృషణాన్ని పైకి తీసి చూసి, అనుమానమున్న చోట చిన్న ముక్క తీసి ఆపరేషన్ గదిలో ఉండగానే అప్పటికప్పుడు పరీక్షించే ఫ్రోజెన్ సెక్షన్ పద్ధతి ఉంది. క్యాన్సర్ కాదని తేలితే వృషణాన్ని తిరిగి లోపల ఉంచవచ్చు. ఈ సదుపాయం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లడం మేలు. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు రోగి గాని, బంధువులు గాని అడగవలసిన మాట ఒకటే. “ఛాతీ ఎక్స్‌రే చూశారా? వృషణాన్ని కాపాడే వీలుందా?”

మన కోస్తా జిల్లాలకు సంబంధించి ఇక్కడ మరో రెండు జబ్బులు గుర్తుంచుకోవాలి. బోదకాలు క్రిములు వృషణాల వద్ద వాపును, వరిబీజాన్ని కలిగిస్తాయి. క్షయ కూడా ఎపిడిడిమిస్‌ను తరచుగా తాకుతుంది. అక్కడ చర్మం చిల్లు పడి చీము కారడం క్షయకు గుర్తు. కనుక ఎపిడిడిమిస్ ముక్కలో గ్రాన్యులోమాలు కనిపిస్తే క్షయ పరీక్షలు పూర్తికాకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టరాదు.

మరొక విశేషం ఉంది. వృషణ క్యాన్సర్‌కు చికిత్స పొంది కోలుకున్న కొందరిలో కొన్నాళ్లకు ఛాతీ గ్రంథులు ఉబ్బుతాయి. క్యాన్సర్ తిరగబెట్టిందని అనుకుని మళ్లీ కీమోథెరపీకి సిద్ధపడతారు. వారిలో కొందరికి అది సార్కాయిడోసిస్ అని ముక్క పరీక్షలో తేలిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందువల్ల రెండో విడత కీమోకు ముందు ముక్క పరీక్ష అవసరం. ఇందుకు భిన్నంగా, సార్కాయిడోసిస్ ఉన్నంత మాత్రాన వృషణ క్యాన్సర్ రాదన్న భరోసా కూడా లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

సంతానంపై ప్రభావం

ఎపిడిడిమిస్ నాళం గ్రాన్యులోమాలతో నొక్కుకుపోతే వీర్యకణాల సంఖ్య తగ్గిపోవచ్చు, అసలే లేకుండా పోవచ్చు. రెండు పక్కలా వాపు ఉన్నప్పుడు ఈ ముప్పు ఎక్కువ. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని వ్యాధి తాకితే వృషణాలకు అందే ఆదేశాలు ఆగి, పురుష హార్మోను తగ్గి, కోరిక సన్నగిల్లడం మరో మార్గం. స్టెరాయిడ్ చికిత్సతో కొందరిలో వీర్యకణాలు తిరిగి కనిపించాయి. అందరిలోనూ ఇలా జరుగుతుందని చెప్పలేం.

పిల్లలు కావాలనుకునేవారు చికిత్సకు ముందే వీర్య పరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే వీర్యాన్ని శీతలీకరించి భద్రపరచుకోవాలి. సంతానం కలగకపోతే నింద భార్యపైనే వేసి ఆమెను ఆసుపత్రుల చుట్టూ తిప్పడం మనవద్ద ఇంకా కనిపిస్తోంది. భర్తకు చేసే వీర్య పరీక్ష సులభమైనది, చవకైనది. అది ముందు జరిగితే కొన్ని జబ్బులు కూడా ముందే బయటపడతాయి.

కన్ను: నొప్పి లేకుండానే నష్టం

సార్కాయిడోసిస్ కంటిలోని యూవియా అనే పొరను వాపు చేస్తుంది. కన్ను ఎర్రబడడం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం లక్షణాలు. కొందరిలో ఏ లక్షణమూ లేకుండానే లోపల వాపు సాగి, నీటికాసులు, శుక్లాలు ఏర్పడి చూపు పోవచ్చు. అందుకే కంటి బాధ లేకపోయినా సార్కాయిడోసిస్ నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ ఒకసారి కంటి వైద్యుని పరీక్ష అవసరమని అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాలు సూచించాయి.

చెంపల వద్ద లాలాజల గ్రంథులు రెండు పక్కలా ఉబ్బితే గవదబిళ్లలని పొరబడతారు. గ్రంథుల వాపుతో పాటు కంటి ఎరుపు, జ్వరం, మూతి వంకరపోవడం కలిసి వస్తే దానిని హీర్‌ఫోర్డ్ సిండ్రోమ్ అంటారు. డెన్మార్క్ కంటి వైద్యుడు హీర్‌ఫోర్డ్ 1909లో దీనిని వర్ణించారు.

గుండె: ఆలస్యం ప్రాణాంతకం

రోగుల్లో సుమారు 5 శాతం మందికి గుండె లక్షణాలు బయటపడతాయి. మరణానంతర పరీక్షల్లో పావువంతు మంది గుండెల్లో గ్రాన్యులోమాలు కనిపించాయి. ఇవి గుండెలోని విద్యుత్ మార్గాల మీద కూర్చుంటే నాడి మరీ నెమ్మదిస్తుంది, లేదా విపరీతంగా పరుగెడుతుంది. కళ్లు తిరిగి పడిపోవడం, గుండెదడ, ఆయాసం దీని సూచికలు. 60 ఏళ్లలోపు వారికి కారణం తెలియకుండా హార్ట్ బ్లాక్ వస్తే పేస్‌మేకర్ పెట్టి ఊరుకోక, సార్కాయిడోసిస్ ఉందేమో చూడాలని 2014లో గుండె లయ నిపుణుల అంతర్జాతీయ సిఫార్సులు పేర్కొన్నాయి.

అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు రెజీ వైట్ 2004 డిసెంబరు 26న 43 ఏళ్లకే హఠాత్తుగా మరణించారు. గుండె లయ తప్పడమే కారణమని, అందులో సార్కాయిడోసిస్ పాత్ర ఉండవచ్చని అక్కడి వైద్య పరిశీలకులు ప్రకటించారు. మన హైదరాబాద్‌లోని కేర్ ఆసుపత్రి వైద్యులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ప్రస్తావనార్హం. గుండె కొట్టుకునే బలం బాగానే ఉన్నా లయ తప్పుతున్న కొందరిలో ఛాతీ గ్రంథులు ఉబ్బి ఉండడాన్ని వారు గమనించారు. ముక్క పరీక్షలో గ్రాన్యులోమాలు బయటపడ్డాయి. కొందరి విషయంలో కారణం క్షయ, మరికొందరి విషయంలో సార్కాయిడోసిస్. గుండె విషయంలోనూ మనకు ఇదే చిక్కుముడి అని ఆ అధ్యయనం చాటింది.

ఈసీజీ అన్ని చోట్లా దొరికే చవకైన పరీక్ష. అందులో తేడా ఉన్నా, లక్షణాలు ఉన్నా ఎకో, ఎమ్మారై, పెట్ స్కాన్ వంటివి అవసరమవుతాయి.

చర్మం, నరాలు

మోకాళ్ల కింద కాళ్ల ముందు భాగంలో ఎర్రగా, తాకితే నొప్పిపెట్టే గడ్డలు, చీలమండల వాపు, జ్వరం, ఛాతీ గ్రంథుల వాపు కలిసి వస్తే లోఫ్‌గ్రెన్ సిండ్రోమ్ అంటారు. చూడడానికి భయపెట్టినా ఇది మంచి రకం. చాలామందిలో కొద్ది నెలల్లో తగ్గిపోతుంది. ముక్కు, చెంపలు ఊదారంగులో ఉబ్బడం మాత్రం మొండి రకానికి సూచన. పాత గాయాల మచ్చలు, పచ్చబొట్లు ఉన్నట్టుండి ఉబ్బి ఎర్రబడడం మరో గుర్తు.

చర్మంపై మచ్చల్లో గ్రాన్యులోమాలు కనిపిస్తే కుష్ఠును కూడా తోసిపుచ్చాలి. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, నరాలు లావెక్కుతాయి. సార్కాయిడోసిస్ మచ్చలో సాధారణంగా స్పర్శ ఉంటుంది.

నరాల వ్యవస్థలో లక్షణాలు కనిపించేది 5 నుంచి 10 శాతం మందిలో. మూతి వంకరపోవడం వీటిలో సర్వసాధారణం. తలనొప్పి, మూర్ఛ, కాళ్లలో బలహీనత, అరికాళ్ల మంటలు కూడా రావచ్చు. పిట్యూటరీ ప్రాంతం దెబ్బతింటే తీరని దాహం, బిందెల కొద్దీ మూత్రం వస్తుంది. షుగర్ పరీక్ష మామూలుగా ఉండి ఈ బాధ ఉంటే ఈ కోణంలో ఆలోచించాలి.

ఎండ, కాల్షియం, విటమిన్-డి

ఈ వ్యాధిలో తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన అంశం ఇది. విటమిన్-డి పనిచేసే రూపంలోకి మారడం మామూలుగా మూత్రపిండాల్లో, శరీర అవసరాన్ని బట్టి జరుగుతుంది. సార్కాయిడోసిస్‌లో గ్రాన్యులోమాలే ఆ పనిని అదుపు లేకుండా చేస్తాయి. ఫలితంగా పేగుల నుంచి, ఎముకల నుంచి కాల్షియం రక్తంలోకి చేరుతుంది. సుమారు 10 శాతం మందిలో రక్తంలోనూ, అంతకు మూడు నాలుగు రెట్ల మందిలో మూత్రంలోనూ కాల్షియం పెరుగుతుంది. దాహం, మలబద్ధకం, వాంతులు, అయోమయం, మూత్రపిండాల్లో రాళ్లు, చివరకు మూత్రపిండాల వైఫల్యం దీని పర్యవసానాలు.

నీరసమనగానే మందుల దుకాణంలో కాల్షియం బిళ్లలు, 60 వేల యూనిట్ల విటమిన్-డి పొట్లాలు కొని వేసుకోవడం ఇప్పుడు మామూలైంది. సార్కాయిడోసిస్ రోగికి ఇది నిప్పులో నెయ్యి పోయడమే. రక్తంలో కాల్షియం, రెండు రకాల విటమిన్-డి స్థాయిలు చూడకుండా ఇవి వాడరాదు. మన ఎండలు సైతం విటమిన్-డిని పెంచుతాయి కనుక వ్యాధి చురుకుగా ఉన్నవారు ఎండలో ఎక్కువసేపు ఉండడం మానుకోవాలి, నీరు ధారాళంగా తాగాలి.

కాలేయంలో గ్రాన్యులోమాలు ముక్క పరీక్షలో సగానికి పైగా రోగుల్లో కనిపిస్తాయి గాని చాలామందికి బాధ ఉండదు. కొందరిలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే రక్త పరీక్ష విలువ పెరుగుతుంది, ప్లీహం పెద్దదవుతుంది.

చికిత్స ఎవరికి, ఎంతకాలం?

సార్కాయిడోసిస్ అని తేలగానే అందరికీ మందు అవసరం లేదు. సగానికి పైగా రోగుల్లో రెండు మూడేళ్లలో దానంతట అదే తగ్గుతుంది. కన్ను, గుండె, మెదడు దెబ్బతిన్నా, కాల్షియం పెరిగినా, ఊపిరితిత్తుల పనితీరు పడిపోతున్నా చికిత్స తప్పనిసరి. వృషణాల విషయంలో నొప్పి ఉంటే, గడ్డ పెరుగుతుంటే, సంతానం కావాలనుకుంటే మందు ఇస్తారు. లేకుంటే క్యాన్సర్ కాదని నిర్ధారించుకున్నాక స్కానింగ్‌తో గమనిస్తూ ఉండవచ్చు. మందు ఇచ్చాక గడ్డ తగ్గకపోతే మళ్లీ క్యాన్సర్ కోణంలో పరిశీలించాలి.

మొదటి మందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్. ఊపిరితిత్తుల వ్యాధికి చండీగఢ్‌లోని పీజీఐ వైద్యులు 86 మందిపై జరిపి 2023లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టినా, 20తో మొదలుపెట్టినా వ్యాధి తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నెదర్లాండ్స్‌లో 138 మందిపై జరిగి 2025లో వెలువడిన మరో పరిశోధనలో, మెథోట్రెక్సేట్‌తో చికిత్స మొదలుపెట్టినా ఊపిరితిత్తుల పనితీరు స్టెరాయిడ్‌కు దీటుగానే మెరుగుపడింది. గుండె, మెదడు వ్యాధికి మోతాదులు వేరుగా ఉంటాయి. లొంగని వ్యాధికి అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి మందులున్నాయి. చివరి రెండూ నిద్రాణంగా ఉన్న క్షయను లేపగలవు. వాటికి ముందు క్షయ పరీక్ష విధిగా జరగాలి.

స్టెరాయిడ్ వాడేవారు షుగరు, రక్తపోటు, ఎముకల బలం, కంటి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఒంట్లో బాగుందని మధ్యలో ఒక్కసారిగా మానడం ప్రమాదం. వైద్యుడు చెప్పిన క్రమంలో మెల్లగా తగ్గించాలి. ఊళ్లో ఎవరో ఇచ్చిన తెల్లబిళ్లతో వాపు తగ్గిందని సంబరపడరాదు. అది స్టెరాయిడ్ అయితే క్షయను, క్యాన్సర్‌ను కొంతకాలం కప్పిపెట్టి, తర్వాత ముక్క పరీక్షలో కూడా జబ్బు దొరకకుండా చేయగలదు.

వ్యాధి తేలినవారికి తొలి పరీక్షలు ఇవీ

* ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే సీటీ స్కాన్, ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష
* క్షయ కోసం కళ్లె లేదా ముక్కకు సీబీనాట్, కల్చర్
* రక్తంలో కాల్షియం, క్రియాటినిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రక్తకణాల లెక్క
* ఈసీజీ
* కంటి వైద్యుని పరీక్ష
* మగవారిలో వృషణాల పరీక్ష, గడ్డ ఉంటే స్కానింగ్, మూడు క్యాన్సర్ రక్త పరీక్షలు, సంతానం కోరేవారికి వీర్య పరీక్ష

వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలసిన సందర్భాలు

* వృషణంలో గట్టి గడ్డ తగలడం, నొప్పి ఉన్నా లేకున్నా
* కళ్లు తిరిగి పడిపోవడం, గుండెదడ
* చూపు మసకబారడం, వెలుతురు భరించలేకపోవడం
* మూతి వంకరపోవడం
* క్షయ మందులు రెండు నెలలు క్రమం తప్పక వాడినా గుణం కనిపించకపోవడం

యువకులు నెలకొకసారి స్నానం చేసే వేళ తమ వృషణాలను వేళ్లతో తడిమి చూసుకునే అలవాటు చేసుకుంటే మార్పు త్వరగా తెలుస్తుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. గడ్డ కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యాధికారికి చూపి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రిలోని శస్త్రచికిత్స విభాగానికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, గతంలో తీసిన ముక్క పరీక్ష నివేదికలు వెంట తీసుకెళ్లడం మరువరాదు.